మధ్యలో ఆగిన చదువు – మళ్ళీ సాగించే మార్గాలు

(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల, కార్యదర్శుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు ఊరికి వస్తున్నాడంటే పాల రిజిస్టరు, నగదు పుస్తకం, తీర్మానాల పుస్తకం బల్లమీద పేర్చి కూర్చోవడం మీకు అలవాటు. ఈ రోజు అవేవీ అడగను. దాణా గురించి, దూడల పోషణ గురించి, పొదుగువాపు గురించి నాకంటే బాగా తెలిసిన పశువైద్యులు ఉదయం నుంచి చెప్పారు. నన్ను చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పాల సంఘాల సమావేశంలో చదువుల ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను తనిఖీలలో చూస్తున్న సంగతే అందుకు కారణం.

మన సంఘాలలో సభ్యత్వం ఒకరి పేరున ఉంటుంది, లెక్క రాసే చెయ్యి మరొకరిది. చాలా చోట్ల లెక్క రాసేది ఆ ఇంటి కోడలో, కూతురో. పదో తరగతి దాకా చదివి, జూనియర్ కాలేజీ ఉన్న ఊరికి బస్సు లేక ఇంటి దగ్గర నిలిచిపోయినవారు. వెన్న శాతం, ఘనపదార్థాల శాతం చూసి లీటరు ధర కట్టడం వారికి నోటి లెక్క. పదిహేను రోజుల బిల్లు పైసా తేడా రాకుండా తేలుస్తారు. అయితే ఎక్కడైనా సూపర్‌వైజరు ఉద్యోగం పడిందంటే, దరఖాస్తులో 'విద్యార్హత' అన్న గడి దగ్గర కలం ఆగిపోతుంది. పదేళ్ళు టెస్టరుగా చేసిన పనిని ఆ గడిలో రాసుకొనే వీలు లేదు. నేనూ డిప్లొమాతో ఉద్యోగంలో చేరినవాడినే. డిప్లొమా ఒక మెట్టు దాకా తీసుకుపోతుంది, ఆపైన డిగ్రీ అడుగుతారు. ఆ సంగతి నాకు అనుభవంలో ఉన్నదే గనుక విస్తరించను.

ఆదోని, కోసిగి, ఆలూరు వైపు కష్టం వేరు. వాన లేని ఏడు కుటుంబమంతా ఇంటికి తాళం వేసి సుగ్గికి పోతుంది. గుంటూరు వైపు మిరపకాయలు కోసి తిరిగి వచ్చేసరికి బడిలో సగం సంవత్సరం దాటి ఉంటుంది. ఆ పిల్లవాణ్ణి మళ్ళీ తరగతిలో కూర్చోబెట్టడం కంటే ఎనుముల వెంట పంపడం సులువని తల్లిదండ్రులు అనుకుంటారు. ఇట్లా ఆగిన చదువులు మీ ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో మీకే బాగా తెలుసు.

ఆగినవాడికి మళ్ళీ చదవాలన్న ఆశ పుట్టినప్పుడు ముందుగా ఎదురయ్యేది విశ్వవిద్యాలయం కాదు, దళారి. పత్తికొండ వైపు ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. పదో తరగతి తప్పిన ఒక యువకునికి ఎవరో వచ్చి, “ఒకే సిట్టింగులో డిగ్రీ ఇప్పిస్తాము, కాలేజీకి పోనక్కరలేదు” అని చెప్పారు. సూడి ఎనుమును అమ్మి డబ్బు కట్టాడు. దూర రాష్ట్రపు పేరుతో రంగురంగుల పట్టా ఒకటి వచ్చింది. ఉద్యోగానికి సర్టిఫికెట్లు పరిశీలించిన రోజున అది చెల్లదన్నారు. ఎనుమూ పోయింది, పట్టా కూడా పెట్టెలో పడింది. ఆ కుర్రవాడు ఇప్పుడు చదువు పేరెత్తితే ముఖం తిప్పుకుంటాడు. నాకు డబ్బు పోయినదాని కంటె అదే ఎక్కువ బాధ. అందుచేత ఈ రోజు ఏది నిజమైన దారి, ఏది కాదు, ఏ దారికి ముందు ఏ మెట్టు ఎక్కాలి అన్నది చెప్పడమే నా పని.

మన సీమకు విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక ఈనాటిది కాదు. 1937 నవంబరులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలోనే అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఏర్పరచాలని పెద్దలు రాసుకున్నారు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1968లో దాని తరఫున అనంతపురంలో పి.జి. కేంద్రం పెట్టారు. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. కడపలో 1977లో పెట్టిన పి.జి. కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయంగా మారింది. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లోను, డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లోను ఏర్పడినాయి. ఒడంబడిక రాసుకున్న తరువాత కర్నూలు వానికి తన జిల్లాలోనే విశ్వవిద్యాలయం చూడడానికి 71 ఏళ్ళు పట్టింది! ఇప్పుడు పాత కర్నూలు, కడప జిల్లాలలో ఏ మూల ఉన్నవారైనా ఒక పూట ప్రయాణంలో ఏదో ఒక విశ్వవిద్యాలయం గేటు చేరగలరు. లోపలికి పోవడానికి కావలసిన కాగితమే మన దగ్గర ఉండదు.

ఆ కాగితం లేనివారి కోసమే ఒకప్పుడు మన రాష్ట్రంలో గొప్ప ప్రయోగం జరిగింది. ఇంగ్లండులో 1969లో ఓపెన్ యూనివర్సిటీ స్థాపించి, ముందు చదువు ఏమీ లేకపోయినా పెద్దవయసు వారిని చేర్చుకొని, తపాలా ద్వారా పుస్తకాలు పంపి, రేడియోలో, టెలివిజనులో పాఠాలు చెప్పారు. ఆ పద్ధతిని మన దేశంలో మొట్టమొదట తెచ్చినది మన తెలుగువారే. 1982 ఆగస్టు 26న ఆంధ్ర ప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటిది. తొలి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రాంరెడ్డిగారు. ఢిల్లీ కేంద్రంగా 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే మనం ఇగ్నో అనేది, వచ్చినప్పుడు దానికి కూడా ఆయననే తొలి ఉపాధ్యక్షులుగా పిలిచారు. మన రాష్ట్రపు విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. తెలుగులో పాఠ్యపుస్తకాలు, ఊరి దగ్గరి కాలేజీలో ఆదివారం తరగతులు, ఆకాశవాణిలో పాఠాలు. పదో తరగతి, ఇంటర్ లేనివారు కూడా నిర్ణీత వయసు నిండితే ఒక అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరే వీలుండేది. కండక్టర్లు, కానిస్టేబుళ్ళు, అంగన్వాడీ కార్యకర్తలు, ఇల్లు దిద్దుకొనే తల్లులు ఎందరో ఆ దారిన పట్టభద్రులైనారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ దారి గురించి విన్నవారు ఇప్పటికీ, “ఏమీ లేకపోయినా ఓపెన్‌లో డిగ్రీ కట్టొచ్చు గదా సార్” అని నన్ను అడుగుతూ ఉంటారు. ఆ కాలం పోయింది. కింది మెట్లు లేని డిగ్రీలను ఉద్యోగ నియామకాలలో ఒప్పుకోని సందర్భాలు రానురాను పెరిగాయి. మొదటి డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా పొందిన ఎం.ఏ. చెల్లదని 2009లో సుప్రీంకోర్టు అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో తీర్పు చెప్పింది. ఈనాడు గుర్తింపు గల డిగ్రీలో చేరాలంటే ఇంటర్మీడియెట్ గాని, దానికి సమానమైన సర్టిఫికెట్టు గాని చేతిలో ఉండాలి. పది, ఇంటర్, డిగ్రీ అన్న వరుస తప్పకూడదు. వరుస తప్పించి పట్టా ఇప్పిస్తామన్నవాడు మీ చేత నీళ్ళు కలిపిన పాలు కొనిపిస్తున్నాడని అనుకోండి.

మరి పది దగ్గరో, అంతకు ముందో ఆగినవాడు ఏమి చేయాలి? వాడికి మొదటి తలుపు ఓపెన్ స్కూలు. మన రాష్ట్రంలో 1991లో ఏర్పడిన సార్వత్రిక విద్యాపీఠం ఉన్నది. పద్నాలుగేళ్ళు నిండినవారు పదో తరగతిలో చేరవచ్చు. పైన వయసు పరిమితి లేదు. అరవై ఏళ్ళ అవ్వ కూడా చేరవచ్చు. పది ప్యాసై, పదిహేనేళ్ళు నిండినవారు ఇంటర్‌లో చేరవచ్చు. తెలుగులో పుస్తకాలు ఇస్తారు. తరగతులు ఆదివారాలు, సెలవు దినాలలో దగ్గరి హైస్కూలులో జరుగుతాయి. ఒకసారి చేరితే ఐదేళ్ళ గడువు, తొమ్మిది సార్లు పరీక్ష రాసే అవకాశం. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కరలేదు. ఈ ఏడు రెండు, వచ్చే ఏడు మూడు రాసుకోవచ్చు. ప్యాసైన సబ్జెక్టు మీ ఖాతాలో జమ పడి ఉంటుంది. ముందు మామూలు పదో తరగతి రాసి కొన్ని తప్పినవారికి, ప్యాసైన వాటిలో రెండు సబ్జెక్టుల దాకా మార్కులు ఇక్కడికి మార్చుకొనే వీలు కూడా ఉంది. సుగ్గికి పోయే ఇళ్ళకు ఇంతకంటె అనువైన పద్ధతి నాకు తెలిసి మరొకటి లేదు.

ఓపెన్ పదిలో సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు. ఆడపిల్లలు చాలామంది లెక్కలు తప్పి ఆగిపోయినవారు గనుక లెక్కలు వదిలి గృహవిజ్ఞానమో, అర్థశాస్త్రమో తీసుకుంటారు. అట్లా తీసుకున్నా పది ప్యాసే. బి.ఏ. చదవాలనుకొనే అమ్మాయికి ఏ ఇబ్బందీ రాదు. కాని పాలిటెక్నిక్‌లో చేరాలన్న ఆలోచన ఉంటే పదో తరగతిలో లెక్కలు ఉండి తీరాలి. ముందు తేలిక చూసుకొని లెక్కలు వదిలి, ఆ తరువాత పాలిటెక్నిక్ దగ్గరికి పోతే తలుపు మూసి ఉంటుంది. చేరే రోజునే, ఈ చదువుతో ఎక్కడికి పోదామనుకుంటున్నామో ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి. ఫారం నింపే కుర్రవాడికి వదిలిపెట్టకండి.

ఇక బడిలో చదువుతూ ఈ ఏడు పది రాస్తున్న పిల్లలున్న ఇళ్ళకు వేరే దారులు ఉన్నాయి. కడప జిల్లా ఇడుపులపాయలో 2008 నుంచి నడుస్తున్న ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కుల మీదే తీసుకుంటారు. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు అదనపు మార్కులు కలుపుతారు. మొదటి రెండేళ్ళు ఇంటర్‌కు సమానం, తరువాత నాలుగేళ్ళు ఇంజనీరింగు. నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. వాటికి పాలిసెట్ రాయాలి. మూడేళ్ళ డిప్లొమా తరువాత ఇ-సెట్ అనే పరీక్ష రాస్తే ఇంజనీరింగు రెండో సంవత్సరంలో నేరుగా చేర్చుకుంటారు. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలే ఉంది. డిప్లొమాతో ఆగిపోవాలన్న నియమం ఇప్పుడు లేదు. మా రోజులలో మాకు ఇంత వివరంగా చెప్పినవారు లేరు.

పాడిని నమ్ముకున్న మన ఇళ్ళకు దగ్గర చదువు మరొకటి ఉంది. తిరుపతిలో 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పదో తరగతి తరువాత రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లొమా నడుపుతున్నది. ఆ పాలిటెక్నిక్‌లలో ఒకటి మన బనవాసిలోనే, ఎమ్మిగనూరు దగ్గర, ఉంది. గ్రామ సచివాలయాల పద్ధతి 2019లో వచ్చినప్పుడు పశుసంవర్ధక సహాయకుల ఉద్యోగాలకు ఈ డిప్లొమావారిని తీసుకున్నారు. మీ ఊరి ఎనుముకు కృత్రిమ గర్భధారణ చేసే పిల్ల మీ ఊరి పిల్లే అయితే పిలుపుకు ఎంత త్వరగా వస్తుందో ఆలోచించండి. పశువైద్య పట్టా చదువుకు ప్రొద్దుటూరులో కళాశాల ఉన్నది. పాల సాంకేతిక శాస్త్రంలో బి.టెక్. తిరుపతిలో ఉన్నది. వాటికి ఇంటర్‌లో సైన్సు కావాలి. ఇంటర్ వృత్తివిద్యలో కూడా పశుపోషణ, డెయిరీ కోర్సు ఉంది. అది చదివినవారు బ్రిడ్జి కోర్సు పరీక్ష కూడా రాసుకొంటే మామూలు డిగ్రీలకు దారి తెరుచుకుంటుంది. బ్రిడ్జి కోర్సు సంగతి కాలేజీలో అడగనిదే ఎవరూ చెప్పరు. మీరే అడగండి.

ఇంటర్ ఉన్నవారి సంగతికి వస్తాను. మన రెండు విశ్వవిద్యాలయాల కింద ఉన్న డిగ్రీ కాలేజీలలో చదువు ఇదివరకటిలా మూడేళ్ళు కట్టుదిట్టంగా ఒకే తాడున నడవడం లేదు. 2020 జాతీయ విద్యా విధానంతో కొత్త ఏర్పాటు వచ్చింది. 2022 చివరలో యు.జి.సి. ఇచ్చిన చట్రం ప్రకారం మొదటి ఏడాది పూర్తిచేసి, చెప్పిన అదనపు వృత్తి శిక్షణ కూడా ముగించి ఆగితే సర్టిఫికెట్టు, రెండేళ్ళకు ఆగితే డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ, నాలుగేళ్ళకు ఆనర్సు. మధ్యలో ఆగినవారు మూడేళ్ళ లోపల తిరిగి వచ్చి చేరవచ్చు. మొత్తం ఏడేళ్ళలో డిగ్రీ ముగించాలి. చదివినంత వరకు వచ్చిన క్రెడిట్లను 2021లో పెట్టిన అకడమిక్ క్రెడిట్ బ్యాంకులో దాచుకుంటారు. మీకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, అది పాల పాసు పుస్తకం వంటిది. ఈ పూట పోసిన పాలు ఈ పూట జమ అవుతాయి. రేపు ఎనుము ఎండిపోయి పాలు పోయలేకపోయినా నిన్నటి జమను ఎవరూ కొట్టివేయరు. అయితే పాసు పుస్తకంలో జమ రాయించుకోకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. కాలేజీలో చేరిన నెలలోనే పిల్లల క్రెడిట్ ఖాతా తెరిచారా, మార్కులు అందులో ఎక్కుతున్నాయా అని కనుక్కోండి. పెళ్ళి నిశ్చయమైందని రెండో సంవత్సరంలో చదువు మాన్పించే ఇళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. మాన్పించవద్దనే నా సలహా. మాన్పించక తప్పదంటే కనీసం ఆ సంవత్సరం పరీక్షలు రాయించి, క్రెడిట్లు జమ చేయించి, ఆ కాగితాలు పెళ్ళిపెట్టెలో పెట్టి పంపండి. అత్తగారి ఊరి నుంచి తిరిగి చేరడానికి అవి కావాలి.

కాలేజీకి రోజూ పోలేనివారికి దూరవిద్య ఉంది. ఇగ్నోలో ఏడాదికి రెండుసార్లు, జనవరి విడతలోను జూలై విడతలోను, చేర్చుకుంటారు. మూడేళ్ళ బి.ఏ.ను ఆరేళ్ళ దాకా సాగించవచ్చు. మన రాష్ట్రంలో ప్రాంతీయ కేంద్రాలు విజయవాడ, విశాఖపట్నంలలో ఉన్నాయి. పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారికి మొదటి ఏడు కష్టమే, దాచి లాభం లేదు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం విషయానికి వస్తే, 2014లో రాష్ట్రం రెండైనప్పుడు దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో, తెలంగాణ వైపున, ఉండిపోయింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్యకు ఆ రాష్ట్రపు పొలిమేరే హద్దు అన్నది యు.జి.సి. నియమం. అందుచేత, “మా అన్న చదివినాడు, నేనూ కడతాను” అని కర్నూలు, కడప వారు పాత లెక్కన డబ్బు కట్టరాదు. ఆ సంవత్సరపు ప్రకటనలో మన జిల్లాలు ఉన్నాయో లేదో చదివి చూసిన తరువాతే ముందుకు పోవాలి.

దూరవిద్య డిగ్రీకి విలువ ఉందా అన్న ప్రశ్న ప్రతి ఊరిలోనూ వస్తుంది. గుర్తింపు ఉన్న సంస్థ దూరవిద్యలో ఇచ్చిన డిగ్రీ, కాలేజీలో చదివిన డిగ్రీకి సమానమేనని యు.జి.సి. 2022 సెప్టెంబరులో స్పష్టంగా ప్రకటించింది. గుర్తింపు ఉన్న సంస్థ అన్న మాట దగ్గర ఆగండి. గుర్తింపు ఒకసారి ఇస్తే శాశ్వతం కాదు. ఏ విశ్వవిద్యాలయానికి, ఏ కోర్సుకు, ఏ విద్యా సంవత్సరానికి ఉందో యు.జి.సి. దూరవిద్యా విభాగం జాబితాలో ఉంటుంది. 2024 నుంచి దూరవిద్యలో చేరే ప్రతి విద్యార్థీ ముందుగా ఆ విభాగం వెబ్‌సైటులో డెబ్ ఐడి అనే సంఖ్య తీసుకోవాలి. ఆ సంఖ్య అవసరం లేదన్నవాడి దగ్గర చేరకండి. ఇంజనీరింగు, నర్సింగు, ఫార్మసీ, వ్యవసాయం వంటివి దూరవిద్యలో డిగ్రీగా ఇవ్వడానికి వీలులేదు. ఇంట్లో కూర్చొని నర్సింగు డిగ్రీ అంటే అది మోసం. మూడేళ్ళ డిగ్రీని ఆరు నెలలలో ఇస్తామన్నా అంతే. వెన్న పరీక్ష చేయకుండా పాలకు ధర కట్టమంటే మీరు ఒప్పుకుంటారా? పట్టా విషయంలో మాత్రం ఒప్పుకుంటున్నారు.

మన సహకార రంగానికే ప్రత్యేకంగా మరొక సంస్థ కొత్తగా వచ్చింది. గుజరాత్‌లోని ఆణంద్‌లో 1979 నుంచి ఉన్న గ్రామీణ నిర్వహణ సంస్థను 2025లో పార్లమెంటు చట్టం ద్వారా త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంగా మార్చారు. 1946లో ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘాన్ని నిలబెట్టిన త్రిభువన్‌దాస్ పటేల్‌గారి పేరు దానికి పెట్టారు. దేశంలోని సహకార శిక్షణ సంస్థలను దానికి అనుబంధంగా తెచ్చి, సర్టిఫికెట్టు నుంచి పై చదువుల దాకా నడపాలన్నది ఉద్దేశం. మన కార్యదర్శులు, టెస్టర్లు ఆ వైపు కూడా ఒక చెవి వేసి ఉంచడం మంచిది.

ఇప్పుడు అసలు కష్టం. పాడి ఉన్న ఇంట్లో చదువుకు సమయం ఎక్కడుంది? తెల్లవారుజామున పాలు పితకాలి, క్యాను కేంద్రానికి చేరాలి, పగలు మేత, నీళ్ళు, సాయంత్రం మళ్ళీ పితకాలి. ఆదివారం తరగతి అంటే ఉదయపు పాలు పోసి బస్సెక్కి, సాయంత్రం పాల వేళకు తిరిగి రావాలి. మగవారు ఉదయం లేచి ఒక పూట మేత వేస్తే ఇంట్లో ఆడవారికి ఆ ఆదివారం దొరుకుతుంది. ఇది నేను చెప్పడం ఎగతాళికి కాదు. తనిఖీలలో చూశాను, ఓపెన్ స్కూల్లో చేరి మధ్యలో ఆగిన ఆడవారిలో ఎక్కువమంది పుస్తకం కష్టమై ఆగలేదు. ఆదివారం పూట పాలు పితికేవారు లేక ఆగారు. చేరే ముందు, “ఆదివారాలు ఎనుములు ఎవరు చూస్తారు” అన్నది ఇంట్లో తేల్చుకోండి. ఫీజు కంటె ఇది పెద్ద విషయం.

ఫీజు సంగతి పెద్ద సమస్య కాదని నేననను. నెలకు పాల బిల్లులో 100 రూపాయలు విడిగా తీసిపెడితే ఏడాదికి 1,200 అవుతాయి. ఒకేసారి అప్పు చేయవలసిన పని తగ్గుతుంది. కొన్ని సంఘాలు చదువుకొనే సభ్యుల పిల్లలకు సాయం చేయాలని అడుగుతున్నాయి. మీ బైలాలో అందుకు వీలుండి, సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసుకొని, లాభాలలో నిర్ణీత భాగం నుంచి ఇస్తే అభ్యంతరం లేదు. తీర్మానం లేకుండా అధ్యక్షుని మాట మీద పైసా తీసినా వచ్చే తనిఖీలో నేనే అభ్యంతరం రాస్తాను, అప్పుడు నన్ను తప్పు పట్టవద్దు. డబ్బు లేని సంఘం చేయగల సాయం కూడా ఉన్నది. ఓపెన్ స్కూల్ ప్రకటన, విశ్వవిద్యాలయ ప్రవేశ ప్రకటన వచ్చినప్పుడు దాన్ని పాల కేంద్రం గోడకు, ధరల పట్టిక పక్కన అంటించండి. పూటపూటకూ ఊరంతా చూసే గోడ అదొక్కటే.

కాగితాల విషయం చెప్పి ముగిస్తాను. చేరదలచినవారు ముందుగా సర్దుకోవలసినవి: పుట్టిన తేదీ రుజువు, చదివినంత వరకు మార్కుల జాబితా లేదా బదిలీ సర్టిఫికెట్టు, ఆధార్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు. వీటిలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకే తీరుగా ఉండాలి. మన వైపు బడిలో 'లక్ష్మిదేవి', ఆధార్‌లో 'లక్ష్మీదేవమ్మ', బ్యాంకు పుస్తకంలో మొగుడి ఇంటిపేరు ఉండడం మామూలు. ఈ తేడాలు సవరించుకోవడానికి నెలలు పడతాయి గనుక, ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. పదో తరగతి మార్కుల జాబితా పోగొట్టుకున్నవారు చదివిన బడి ద్వారా నకలుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఎవరి దగ్గరైనా అనుమానంగా ఉన్న పట్టా ఉంటే ఈ మధ్యాహ్నం నాకు చూపించండి, నలుగురిలో చూపనక్కరలేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. పాల బండి వచ్చే లోపల ప్రశ్నలు అడగవచ్చు. వెనుక వరుసలో ఆ అమ్మ చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నది, ముందు ఆమెను అడగనివ్వండి.